రాతి మీద గీసిన చేతి పేరు కూడా రాయండి

మ్యూజియంలలో, గ్రంథాలయాల్లో, డిజిటల్ భాండాగారాల్లో పాత ముద్రణ చిత్రాలకు వివరాలు రాసే అధికారులకు, సిబ్బందికి, వాటిని తెలుగులోకి తెస్తున్న స్వచ్ఛంద రచయితలకు -

నమస్కారం.

రాతి మీద బొమ్మ గీసి అచ్చు తీసే పనిలో ఉన్నవాళ్లం, ఆ పనిని నేర్పుతున్నవాళ్లం కలిసి రాస్తున్న ఉత్తరం ఇది. 1808లో జర్మనీలోని మ్యూనిక్‌లో అచ్చయిన ఒక పుట మీ దగ్గరకు వచ్చిందనుకోండి. చుట్టూ తీగలు, పక్షులు, మృగాలు, ఒక మూల మోకరిల్లిన సాధువు, మధ్యలో ఖాళీ. వివరపట్టీలో చాలాసార్లు కనిపించేది ఇంతే: "డ్యూరర్, ముద్రణ చిత్రం, 19వ శతాబ్దం". జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1528లో చనిపోయాడు. ఆయనకు రాతిముద్రణ (లిథోగ్రఫీ) అంటే ఏమిటో తెలిసే వీలే లేదు. ఆ పుటను రాతి మీద గీసింది జోహాన్ నెపోముక్ స్ట్రిక్స్నర్. ఆయన పేరు పట్టీలో లేకపోతే ఆ కాగితం ఎలా పుట్టిందో చెప్పే ఆధారంలో సగం పోయినట్టే.

స్ట్రిక్స్నర్ 1782లో బవేరియాలోని ఆల్ట్యోటింగ్‌లో పుట్టాడు, 1855లో మ్యూనిక్‌లో చనిపోయాడు. యువకుడిగా మ్యూనిక్ చేరేనాటికి అక్కడ ఆలోయిస్ సెనెఫెల్డర్ తన కొత్త పద్ధతికి రూపం ఇస్తున్నాడు. సెనెఫెల్డర్ 1796లో రాతిని యాసిడ్‌తో తినిపించి గీతలను ఉబ్బెత్తుగా నిలబెట్టే ప్రయత్నం చేశాడు. ఒకటి రెండేళ్లలో అసలు సంగతి పట్టుకున్నాడు. గీతను ఎత్తులో పెట్టక్కర్లేదు, లోతుగా చెక్కక్కర్లేదు. కొవ్వు, నీరు ఒకదానికొకటి పడవన్న సూత్రం ఒక్కటి చాలు: తడిపిన రాతి మీద కొవ్వుతో గీసిన గీతకే సిరా అంటుతుంది. 1799లో బవేరియా పాలకుడి నుంచి ఆయనకు ప్రత్యేక హక్కు వచ్చింది. అయితే సెనెఫెల్డర్, ఆయన భాగస్వామి అయిన సంగీతకారుడు ఫ్రాంజ్ గ్లైస్నర్ ముందుగా చూసింది సంగీత స్వరపత్రాల అచ్చునే. గొప్ప చిత్రకారుల గీతను రాయి మోయగలదని నిరూపించినవాళ్లలో ముందువరస స్ట్రిక్స్నర్‌ది. బవేరియా రాజ చిత్రశాలల డైరెక్టర్ యోహాన్ క్రిస్టియాన్ ఫొన్ మాన్‌లిఖ్ ఆయన్ను ప్రోత్సహించాడు.

1808 నాటి ఆ పని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. చక్రవర్తి మాక్సిమిలియన్ కోసం 1513లో ఆగ్స్‌బర్గ్‌లో ఒక ప్రార్థనా పుస్తకం తోలుకాగితం మీద అచ్చయింది. దాని అంచుల్లో 1515లో డ్యూరర్ ఎరుపు, ఆకుపచ్చ, ఊదా సిరాలతో కలం బొమ్మలు వేశాడు. ఆ భాగం అప్పట్లో మ్యూనిక్ రాజ గ్రంథాలయంలో ఉండేది. గ్రంథాలయాధికారి అరెటిన్ చొరవతో స్ట్రిక్స్నర్ ఆ అంచుబొమ్మలను 43 పుటలుగా రాతి మీదకు ఎక్కించాడు. మధ్యలో ఉన్న ప్రార్థనా పాఠాన్ని వదిలేశాడు, అందుకే ఆ ఖాళీ. ఆ పుటను "అసంపూర్ణం" అనో "పాఠం చెరిగిపోయింది" అనో నమోదు చేయకండి. అది పుట్టిందే అలా. పుటలను రంగు సిరాల్లో అచ్చు వేశారు కాబట్టి ఎరుపు పుట కనిపిస్తే "వెలిసిన నలుపు" అని రాయడం కూడా తప్పే. జర్మన్ కవి గోథే ఈ పుటలు చూసి ఎంతో సంతోషించాడు, వాటి మీద సమీక్ష కూడా వచ్చింది. అప్పటిదాకా కొద్దిమంది పండితులకే అందుబాటులో ఉన్న డ్యూరర్ కలం గీతలు జర్మనీ అంతటికీ చేరింది ఈ రాళ్ల మీదుగానే.

ఈ పనిలో కష్టం ఎక్కడుందో తెలిస్తే పేరు ఎందుకు రాయమంటున్నామో తెలుస్తుంది. రాతి మీద గీసింది కాగితం మీద తిరగబడి పడుతుంది. కుడి ఎడమవుతుంది. అందుకని నకలు గీసేవాడు మూలాన్ని పల్చటి కాగితం మీద ట్రేస్ చేసి, ఆ కాగితాన్ని బోర్లించి, కొవ్వు లేని ఎర్ర సుద్ద పూసిన కాగితం మీదుగా రాతిపైకి దించుకుంటాడు. సుద్ద గీతలకు కొవ్వు ఉండదు కాబట్టి అవి అచ్చులో రావు, దారి మాత్రం చూపిస్తాయి. ఆ తర్వాత కొవ్వు సిరాతో, కలంతోనో సన్నని కుంచెతోనో డ్యూరర్ చేతి వేగాన్ని తిరగేసి గీయాలి. డ్యూరర్ ఎడమ నుంచి కుడికి ఒక్క ఊపులో లాగిన వంపును స్ట్రిక్స్నర్ కుడి నుంచి ఎడమకు, అదే ఊపు ఉన్నట్టు లాగాలి. తడబడితే గీత మధ్యలో లావెక్కుతుంది. కలం పనికి రాయిని గాజులా నున్నగా అరగదీయాలి, లేకపోతే కలం మొన గరుకులో తగులుకుని సిరా చిమ్ముతుంది. అరచేయి రాయికి తగలకూడదు. వేలిముద్రలోని కొవ్వు అప్పుడు కంటికి కనబడదు, సిరా రోలర్ తిప్పగానే నల్లగా తేలుతుంది. అలా తేలిన మచ్చను గీకేస్తే పక్క గీత దెబ్బతింటుంది. ఉమ్మి తుంపర పడితే ఇంకో రకం నష్టం: అక్కడ కొవ్వు రాతిని పట్టుకోదు, బొమ్మలో తెల్ల చుక్క మిగులుతుంది.

రాయి కూడా ఏదో ఒక రాయి కాదు. బవేరియాలోని సోల్న్‌హోఫెన్ గనుల సున్నపురాయి, దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే, చాలా సన్నని పొందిక. పసుపు ఛాయ రాయి మెత్తన, నీలి బూడిద ఛాయది గట్టిది. కొవ్వు సుద్దతో చేసే సన్నని పనికి గట్టిదే మేలు. 60 × 80 సెంటీమీటర్ల కొలతలో 8 సెంటీమీటర్ల మందం ఉన్న రాయి దాదాపు 100 కిలోలు తూగుతుంది. అంత బరువూ ఖరీదూ ఉన్న రాయిని ఒక బొమ్మకే వదిలేయలేరు. అచ్చు అయిపోగానే ఇసుక, నీళ్లు పోసి, రెండు రాళ్లను ముఖాముఖి రుద్ది పాత బొమ్మను అరగదీసి కొత్తదానికి సిద్ధం చేస్తారు. రాగిరేకు మీద చెక్కిన బొమ్మకు రేకు మిగిలే అవకాశం ఎక్కువ. రాతి బొమ్మకు సాధారణంగా కాగితమే మిగులుతుంది. స్ట్రిక్స్నర్ చేతిపనికి సాక్ష్యం మీ దగ్గరున్న ఆ కాగితమే.

1810 నుంచి 1816 వరకు ఆయన ఫెర్డినాండ్ పిలోటితో కలిసి మ్యూనిక్ రాజ సంగ్రహంలోని పూర్వపు మహాచిత్రకారుల రేఖాచిత్రాలను 72 భాగాలుగా, భాగానికి 6 చొప్పున మొత్తం 432 పుటలు వెలువరించాడు. పిలోటి 1786లో పుట్టి 1844లో చనిపోయాడు. చరిత్ర చిత్రాలతో పేరుపొందిన కార్ల్ ఫొన్ పిలోటి ఈయన కొడుకే. వివరపట్టీల్లో తండ్రీకొడుకులు తరచూ కలిసిపోతుంటారు. రాతి పుట అయితే తండ్రిదే అయ్యే అవకాశం ఎక్కువ, తేదీ చూసి తేల్చుకోవచ్చు.

స్ట్రిక్స్నర్ పనిలో శిఖరం బోయ్‌సరే సంగ్రహం. కొలోన్‌కు చెందిన సుల్పిట్స్, మెల్కియోర్ బోయ్‌సరే సోదరులు, వాళ్ల మిత్రుడు బెర్ట్రామ్ కలిసి, మఠాలు చర్చిలు మూతపడిన కాలంలో చెల్లాచెదురైపోతున్న పాత జర్మన్, నెదర్లాండ్స్ చిత్రాలను సేకరించారు. సంగ్రహం మొదట హైడెల్‌బర్గ్‌లో, 1819 నుంచి స్టుట్‌గార్ట్‌లో ఉంది. ఆ చిత్రాలను రాతి మీదకు తేవడానికి 1820లో స్ట్రిక్స్నర్ స్టుట్‌గార్ట్ వెళ్లాడు. 1821లో మొదలైన ప్రచురణ 1840 దాకా భాగాలుగా సాగింది. మధ్యలో, 1827లో, బవేరియా రాజు మొదటి లుడ్విగ్ ఆ సంగ్రహాన్ని 2,40,000 గుల్డెన్‌లకు కొన్నాడు. అలా అది మ్యూనిక్ చేరి, 1836లో తెరిచిన ఆల్టె పినకొథెక్ చిత్రశాలకు పునాది సంగ్రహాల్లో ఒకటయింది. ఈ పుటల్లో ఎక్కువ భాగం స్ట్రిక్స్నర్‌వి. అన్నీ ఆయనవి కావు, సహచరుల పుటలూ ఉన్నాయి. కాబట్టి సంపుటం పేరు చూసి అన్నింటికీ ఆయన పేరు తగిలించకుండా ఒక్కో పుట కింది అక్షరాలు చదవాలి.

ఇక్కడ ఆయన వాడింది కలం కాదు, కొవ్వు సుద్ద. మైనం, సబ్బు, జంతు కొవ్వు, లక్క, దీపపు మసి కరిగించి పోసి చేసే కడ్డీ అది. సబ్బు, కొవ్వు పెరిగితే మెత్తన, లక్క పెరిగితే గట్టిదనం. దీనికి రాయి నున్నగా ఉండకూడదు, సమానమైన గరుకు ఉండాలి. ఇప్పుడు మేము రాయిని అరగదీసే కార్బోరండమ్ పొడిని 80 లేదా 100 నంబరుతో మొదలుపెట్టి 180, 220 వరకు వెళతాం (నంబరు పెరిగేకొద్దీ పొడి సన్నన). ప్రతి దశలో ముందు దశ గీతలు పూర్తిగా పోవాలి. ఒక్క పెద్ద రేణువు మిగిలితే అది గీసిన గీటు ముఖం మధ్యలో తెల్లటి వెంట్రుకలా అచ్చవుతుంది. రాతి పైభాగం సమతలంగా ఉందో లేదో ఇనుప స్కేలు కింద సన్నని కాగితం ముక్కలు పెట్టి చూస్తాం. ఒకచోట ముక్క బిగిసి ఇంకోచోట జారిపోతే మళ్లీ అరగదీతే. ఎగుడుదిగుడు రాయి ప్రెస్ ఒత్తిడికి పగిలిపోవచ్చు, పగలకపోయినా అచ్చు మధ్యలో పాలిపోతుంది.

సుద్ద పని పూర్తయ్యాక రోజిన్ పొడి, తర్వాత టాల్కం పొడి చల్లి, గమ్ అరబిక్ అనే తుమ్మ జాతి జిగురులో నైట్రిక్ యాసిడ్ చుక్కలు కలిపి పూస్తాం. 30 మిల్లీలీటర్ల జిగురుకు లేత ఛాయల చోట 3 నుంచి 5 చుక్కలు, మధ్య ఛాయలకు 8 నుంచి 12, చిక్కటి నలుపుకు 15 దాకా. పసుపు రాయి అయితే తగ్గిస్తాం, బూడిద రాయి అయితే కొంత పెంచుతాం. ఎక్కువైతే యాసిడ్ లేత బూడిద ఛాయలను మింగేస్తుంది, బుగ్గ మీది నీడ మాయమై ముఖం బల్లపరుపుగా మారుతుంది. తక్కువైతే ఖాళీ చోట్ల కూడా సిరా పట్టి, వందో ప్రతికల్లా నీడలు పూడుకుపోతాయి. అందువల్ల ఒకే రాతి నుంచి వచ్చిన తొలి ప్రతి, ఆలస్యపు ప్రతి ఒకటి కావు. మీ దగ్గర ఒకే పుట రెండు ప్రతులు ఉంటే "నకలు" అని ఒకదాన్ని పక్కన పడేయొద్దు. రెండూ ఉంచి, నీడలో వివరం దేనిలో మిగిలిందో రాయండి.

మా ఉత్తరానికి ముఖ్య కారణం ఛాయరాయి. బోయ్‌సరే పుటల్లో సుద్ద బొమ్మ ఒక రాతి మీద ఉంటుంది. రెండో రాతి మీద లేత గోధుమ లేదా పసుపు ఛాయను పుట నిండా పరిచి, వెలుగు పడే చోట్ల, అంటే నుదురు మీద, ముత్యం మీద, వస్త్రం మడత అంచున, కత్తితో గీకేస్తారు. అక్కడ ఛాయ అచ్చు కాదు, కాగితం తెలుపే వెలుగు అవుతుంది. ఇది చెప్పడానికి సులువే. చేయడంలో చిక్కు కాగితంతో వస్తుంది. అచ్చుకు ముందు కాగితాన్ని తడుపుతారు, తడిసిన కాగితం సాగుతుంది. 60 సెంటీమీటర్ల పుట కొన్ని మిల్లీమీటర్లు సాగగలదు, అదీ ఒక దిక్కున ఎక్కువగా. మొదటి రాయికి ఒక తడితో, రెండో రాయికి ఇంకో తడితో పెడితే కంట్లో మెరుపు కనురెప్ప మీద పడుతుంది. అందుకే పుట అంచుల్లో సూది రంధ్రాలు పెట్టి, వాటిని రాతి మీది గుర్తులకు కలిపి పరుస్తారు. తడి సమానంగా ఉండడానికి పుటలను దొంతరగా బరువు కింద ఉంచుతారు. స్ట్రిక్స్నర్ పుటల్లో గడ్డం వెంట్రుకల మీది వెలుగుగీత సుద్ద గీత పక్కనే సరిగ్గా కూర్చున్నప్పుడు అందులో గీసినవాడి నైపుణ్యమే కాదు, ప్రెస్ దగ్గర నిలబడ్డవాళ్ల ఓపిక కూడా కనిపిస్తుంది.

ఇప్పుడు స్కానింగ్ గదిలో ఏం జరుగుతోందో చూడండి. సాఫ్ట్‌వేర్‌లో తెలుపును తానే సర్దుకునే ఆప్షన్ ఆన్‌లో ఉంటుంది. ఆ లేత గోధుమ ఛాయను అది "పాతబడిన కాగితం" అనుకుని తెల్లగా తోమేస్తుంది. దాంతో స్ట్రిక్స్నర్ గీకి తెచ్చిన వెలుగులన్నీ నేపథ్యంలో కలిసిపోతాయి. నలుపు-తెలుపులోకి మారిస్తే అంతకంటే అన్యాయం. తర్వాత అంచులు కత్తిరిస్తారు, సూది రంధ్రాలూ పోతాయి, కింద రాసిన పేర్లూ పోతాయి. అందమైన బొమ్మ మిగులుతుంది గానీ అది ఎలా పుట్టిందో చెప్పే సాక్ష్యం ఒక్కటీ మిగలదు.

కాబట్టి మొదటి కోరిక: పుట మొత్తం, నాలుగు అంచులతో, రంగుల కొలబద్ద పక్కన పెట్టి, రంగులో తీయండి. ఆటోమేటిక్ సర్దుబాట్లు ఆపండి. మామూలు వెలుగులో ఒకటి, పక్క నుంచి ఏటవాలుగా వెలుగు వేసి మరొకటి. వెనకవైపు కూడా ఒకటి. వెనక ఉన్న నీటిగుర్తు, పాత ముద్రలు, పెన్సిల్‌తో రాసిన ధరలు ఆ ప్రతి చేసిన ప్రయాణాన్ని చెబుతాయి.

రెండోది, అది రాతిముద్రణే అని తేల్చుకోవడం. పదింతలు పెద్దగా చూపే లూప్ చాలు. సుద్ద రాతిబొమ్మలో ఛాయ అంతా అడ్డదిడ్డమైన చిన్న చిన్న గింజల్లా, రాతి గరుకును అనుసరించి ఉంటుంది. గింజలు సమాన దూరంలో వరుసలుగా కనిపిస్తే అది ఫొటో ఆధారంగా చేసిన తర్వాతి కాలపు పునర్ముద్రణ. రాగిరేకు అచ్చులో సిరా కాగితం మీద కొంచెం ఉబ్బెత్తుగా నిలబడుతుంది, చుట్టూ రేకు ఒత్తిన గాడి ఉంటుంది. రాతి అచ్చులో సిరా బల్లపరుపుగా కూర్చుంటుంది. అయితే రాయి వెడల్పు మేర కాగితం నున్నగా అణిగి ఉండొచ్చు. దాన్ని గాడి అనుకుని "చెక్కుడు బొమ్మ" అని రాసేసిన పట్టీలు మేము చూశాం. కలంతో చేసిన రాతిబొమ్మ దగ్గర పొరపాటు మరీ సులువు, ఎందుకంటే అది చెక్కుడు గీతను అనుకరించేలా గీసినదే. గీత చివర చూడండి: చెక్కుడు గీత సూదిమొనలా సన్నబడి ముగుస్తుంది, రాతి మీది కలం గీత చాలాసార్లు మొద్దుగా ఆగుతుంది.

మూడోది, కింద రాసినవి ఉన్నది ఉన్నట్టు ఎక్కించడం. "పింక్సిట్" పక్కన ఉన్న పేరు రంగుచిత్రం వేసినవాడిది. "డెల్" అంటే నమూనా గీసినవాడిది, "లిథ్" అంటే రాతి మీద గీసినవాడిది. అచ్చు తీసిన కార్ఖానా పేరు వేరే ఉంటుంది. ఇవి నలుగురు వేర్వేరు మనుషులు కావచ్చు, ఒక్కరే కావచ్చు. పట్టీలో ఈ నాలుగింటికీ నాలుగు గడులు పెట్టండి. "కళాకారుడు" అనే ఒక్క గడి పెడితే అందులో ఎప్పుడూ గెలిచేది ఎక్కువ పేరున్నవాడే.

ఇంకో చిక్కుంది. బోయ్‌సరే పుటల మీద రాసిన మూల చిత్రకారుడి పేరు ఈరోజు మనం చెప్పే పేరు కాకపోవచ్చు. కొలోన్‌లోని సెయింట్ కొలుంబా చర్చి నుంచి వచ్చిన బలిపీఠ చిత్రాన్ని ఆనాడు యాన్ వాన్ ఐక్‌ది అనుకునేవారు. ఇప్పుడది రోహియర్ వాన్ డెర్ వైడెన్‌దిగా స్థిరపడింది. పాతది తప్పని కొట్టేసి కొత్తది మాత్రమే రాస్తే, 1820లలో పండితులు ఏమనుకున్నారో చెప్పే ఆధారం పోతుంది. పాతది ఒక్కటే ఉంచితే చదివేవాళ్లు పొరబడతారు. "పుట మీద రాసినది" అని ఒకటి, "ప్రస్తుత నిర్ధారణ" అని ఒకటి, రెండూ ఉండాలి.

ఇదంతా మ్యూనిక్ గొడవ, మనకెందుకు అని తెలుగు నేల మీది భాండాగారాల వారు అనుకోవద్దని మనవి. మన ఇళ్లలో లక్ష్మి, సరస్వతి పటాలుగా వెలసిన రవివర్మ ముద్రణ చిత్రాలు ఈ వంశానివే. 1894లో బొంబాయిలో పెట్టిన ఆ ప్రెస్ జర్మన్ నిపుణులతో నడిచింది. తర్వాత అది లోణావలా దగ్గరి మాలవ్లీకి మారి, అందులో పనిచేసిన ఫ్రిట్జ్ ష్లైఖర్ చేతికే వెళ్లింది. ఆ పటాల మీద రంగుకొక రాయి చొప్పున వేలాది చుక్కలు చేత్తో పెట్టినవాళ్ల పేర్లు మన పట్టీల్లో ఎక్కడా లేవు. హైదరాబాదులో ఉర్దూ పుస్తకాలు దశాబ్దాలపాటు రాతి మీదే అచ్చయ్యాయి. కాతిబ్, అంటే అందంగా చేత్తో రాసే లేఖకుడు, కొవ్వు సిరాతో పసుపు పూత కాగితం మీద రాస్తే ఆ రాత రాతి మీదకు దిగేది. చాలా పుస్తకాల చివరి పుటలో కాతిబ్ పేరు ఉంటుంది. కేటలాగు కార్డు మీదకు మాత్రం అది ఎక్కదు. అక్షరాన్ని గీసిన మనిషి పేరు పుస్తకంలోనే అచ్చయి ఉండగా దాన్ని వదిలేయడానికి మాకు ఏ కారణమూ కనిపించడం లేదు.

భద్రపరిచే విషయంలో రెండు మాటలు. రాతిముద్రణ సిరా గట్టిదే, దెబ్బతినేది కాగితం. యాసిడ్ లేని అట్టల మధ్య, సాపేక్ష తేమ 50 శాతం దరిదాపుల్లో, ప్రదర్శనలో 50 లక్స్ మించని వెలుగులో ఉంచండి. మన వానాకాలంలో తేమ దాటితే గోధుమ మచ్చలు పుట్టుకొస్తాయి. ఆ మచ్చలు పోగొట్టాలని బ్లీచింగ్‌కు ఇవ్వకండి, ఛాయరాయి రంగు కూడా దానితోపాటే వెళ్లిపోవచ్చు. లామినేషన్ వద్దే వద్దు. సెల్లో టేపు అంటించి ఉంటే బలవంతంగా లాగకుండా కాగిత సంరక్షకులకు చూపించండి.

స్ట్రిక్స్నర్ బోయ్‌సరే పుట ఒకటి మీ దగ్గర ఉంటే పట్టీ ఇలా ఉండొచ్చు: "రాతి మీద గీసినది: జోహాన్ నెపోముక్ స్ట్రిక్స్నర్ (1782-1855). మూలం: పుట మీద రాసిన పేరు ఇది, ప్రస్తుత నిర్ధారణ ఇది. పద్ధతి: సుద్ద రాతిముద్రణ, ఒక ఛాయరాయి, వెలుగులు గీకినవి. ప్రచురణ: బోయ్‌సరే సంగ్రహం, 1821-1840, ఫలానా భాగం. కొలతలు: బొమ్మ, పుట విడివిడిగా. సూది రంధ్రాలు: ఉన్నాయి లేదా కత్తిరించారు. వెనకవైపు: ఉన్నది ఉన్నట్టు." ఇందులో కొత్త డబ్బు, కొత్త యంత్రం అడిగేది ఏదీ లేదు. ఇప్పటికే స్కాన్ చేసిన వాటిని మళ్లీ తీయలేకపోతే, అంచులు కత్తిరించని అసలు ఫైళ్లు సర్వర్‌లో ఉన్నాయేమో ముందు చూడండి. ఉంటే వాటినే ప్రజలకు తెరవండి. పుట కింది వరుస చదవడంలో, పద్ధతి గుర్తించడంలో సందేహం వస్తే చిత్రం పంపండి. రాతి పని తెలిసినవాళ్లం ఉచితంగా చూసి చెబుతాం.

ఇట్లు,
రాతిముద్రణ పనివారు, అధ్యాపకులు